సంబంధం ఉన్నవాళ్ళు బయటికి

శ్రీలేఖను ఎన్నికల్లో నిలబెట్టింది జ్ఞానరత్నం. తనంతట తానైతే శ్రీలేఖ ఆ జోలికి పోయేది కాదు. నలుగురిలో మాట్లాడటం ఆమెకు వచ్చు గానీ, నలుగురి తరఫునా మాట్లాడాలన్న కోరిక ఎన్నడూ లేదు.

ఇద్దరూ బెంగాల్లోని ఖరగ్‌పూర్ పిల్లలే. శ్రీలేఖ తండ్రి గణపతిరావు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. గణపతిరావు తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఆ వర్క్‌షాపులోనే చేరాడు. ఆయన కొడుకు, మనవడు కూడా ఆ గేటులోంచే లోపలికి వెళ్ళారు. ఇల్లు ఊళ్ళోనే, మలంచాలో. జ్ఞానరత్నం తండ్రి సమూయేలు గ్యాంగ్‌మన్‌గా పట్టాల మీద పనిచేసి రిటైరై, ఆ ఊళ్ళోనే ఝపటాపూర్‌లో రెండు గదుల ఇంట్లో ఉంటున్నాడు. ఆమెకు తల్లి లేదు. అన్న టోని ఉద్యోగం చక్రధర్‌పూర్‌లో. ఒకటో తరగతి నుంచీ ఆడపిల్లలిద్దరూ కలిసి చదివారు. ఆదివారం చర్చి కాగానే జ్ఞానరత్నం నేరుగా శ్రీలేఖ ఇంటికే వచ్చేది. శ్రీలేఖ తల్లి మీనాకుమారి ఆమె వస్తుందని తెలిసే ఒక గుప్పెడు బియ్యం ఎక్కువ పోసేది.

డిగ్రీ అయ్యాక ఇద్దరూ ఊరికి కొంచెం దూరంలో ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ బోటనీలో చేరారు. రోజూ బస్సులో వెళ్ళి రావాలి. సాయంత్రం ఆఖరి బస్సు ప్రాక్టికల్ క్లాసు అవకముందే బయల్దేరిపోయేది. ఊరి నుంచి వచ్చే ఆడపిల్లలు మెయిన్ రోడ్డు దాకా నడిచి, అక్కడ ఆటోలకు చెయ్యి ఊపుతూ నిలబడేవాళ్ళు. మొదటి ఏడాదిలో ఒకరోజు శ్రీలేఖ విసుగెత్తి రవాణా విభాగానికి వెళ్ళి, ఆ బస్సు ఎవరి కోసం తిరుగుతోందో చెప్పమని అడిగింది. కోపంగా కూడా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. వారం తిరిగేసరికి బస్సు ఆగడం మొదలుపెట్టింది.

రెండో ఏడాది మొదట్లో పీజీ విద్యార్థుల ప్రతినిధికి ఎన్నికలు వచ్చాయి. జ్ఞానరత్నం శ్రీలేఖను పట్టుకుంది.

"నాకెందుకే ఈ గోల?" అంది శ్రీలేఖ.

"బస్సు ఆపించినావు కదా. ఆ పనే పేరెట్టి సెయ్యమంటన్నారు, అంతే."

"బస్సు నాకోసం ఆపించుకున్నాను."

"మరి మేమందరం ఎక్కలేదేటి?"

జ్ఞానరత్నం బెంగాలీ శ్రీలేఖ బెంగాలీ కంటే మెరుగు. ఆమే క్లాసు క్లాసుకూ తిరిగింది. "బస్సు దీదీ" అని శ్రీలేఖకు పేరు పెట్టిందీ ఆమే. ఆ పేరు నిలిచిపోయింది, శ్రీలేఖ గెలిచింది. ఆ సాయంత్రం గణపతిరావు గోల్‌బజారు నుంచి మిఠాయి తెచ్చాడు. "మనింట్లో ఎన్నికల్లో నెగ్గినోళ్ళు ఇంతకు ముందెవుళ్ళూ లేరమ్మా" అని వీధిలో వాళ్ళందరికీ తనే పంచాడు.

ప్రతినిధుల బాధ్యతలను డీన్ మేడం స్వయంగా చదివి వినిపించింది. సమావేశాలకు తప్పకుండా రావాలి. విద్యార్థుల మాట లోపల చెప్పాలి. లోపల తీసుకున్న నిర్ణయం విద్యార్థులకు చేరవేయాలి, కానీ ఎవరేమన్నారో బయటపెట్టకూడదు. బంధువులదో, దగ్గరివాళ్ళదో వ్యవహారం చర్చకు వస్తే ఆ సంగతి ప్రకటించి, అక్కడి నుంచి లేచి వెళ్ళాలి. శ్రీలేఖ అన్నిటికీ తల ఊపింది. అవన్నీ న్యాయంగానే తోచాయి.

పీజీ ప్రతినిధికి ఇంకో పని కూడా ఉండేది. పరీక్షల్లో కాపీ కొట్టినవాళ్ళు, హాస్టల్లో కొట్టుకున్నవాళ్ళు, హాజరు చాలనివాళ్ళు, ఇలాంటి కేసులన్నీ తేల్చే ఒక కమిటీ ఉంది. అందులో డీన్, ముగ్గురు ప్రొఫెసర్లు, రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ఒక అధికారి కూర్చుంటారు. వాళ్ళతో పాటు ఒక విద్యార్థి. ఆ విద్యార్థి ఇప్పుడు శ్రీలేఖ.

ఎన్నికైన నెలలోనే ఆమెకు క్యాంటీన్లో కూర్చుని తినడం కష్టమైపోయింది. పళ్ళెం ముందు పెట్టుకోగానే ఎవరో ఒకరు వచ్చి ఎదురుగా కూర్చునేవారు. హాస్టల్లో పప్పు నీళ్ళలా ఉంది దీదీ. మా ల్యాబ్‌లో ఫ్యాన్ తిరగడం లేదు దీదీ. స్కాలర్‌షిప్ ఇంకా రాలేదు, కనుక్కుంటావా. బస్సులో కిటికీ పక్కన కళ్ళు మూసుకున్నా భుజం తట్టి లేపేవారు. తన పని తాను చూసుకునే అమ్మాయిగా అక్కడ ఆమెకు చోటు లేకుండా పోయింది. అయినా విన్నది మరిచిపోయేది కాదు. పదింటిలో నాలుగైనా చేయించేది. మిగిలిన ఆరూ ఎందుకు కాలేదో వెళ్ళి చెప్పేది. అలా వచ్చి చెప్పే ప్రతినిధిని అక్కడ ఎవరూ అంతకు ముందు చూడలేదు.

ఆగస్టులో మైతీ సార్ మేనల్లుడి కేసు వచ్చింది. మైతీ సార్ కెమిస్ట్రీ ప్రొఫెసరు, ఆ కమిటీలో చాలా కాలంగా సభ్యుడు. మేనల్లుడు పరీక్షలో ఫోన్ పెట్టుకుని పట్టుబడ్డాడు. మైతీ సార్ ఆ సంగతి దాచలేదు. "వాడు నా అక్క కొడుకు, అందరికీ తెలుసు. నేను ఓటు వెయ్యను. కానీ కుర్రాడి పరిస్థితి గురించి రెండు మాటలు చెప్పి ఊరుకుంటాను" అన్నాడు. మిగిలినవాళ్ళు సరేనన్నట్టు కుర్చీల్లో వెనక్కి వాలారు.

శ్రీలేఖ చెయ్యెత్తింది.

"సార్, లేచి వెళ్ళాలని ఉంది. మాట్లాడి వెళ్ళొచ్చని లేదు."

మైతీ సార్ ఆమె వైపు చూశాడు. కోపం తెచ్చుకోలేదు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, "నిజమే. లేదు" అని బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి డీన్ మేడం ప్రతి కేసుకూ ముందు అందరినీ ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టింది. ఈ వ్యవహారంలో ఎవరికైనా సంబంధం ఉందా? ఉన్నవాళ్ళు ఆ మాట చెప్పి బయటికి వెళ్ళాలి. ఆ తర్వాతే ఫైలు తెరిచేవారు.

ఈ సంగతి ఎలా పొక్కిందో గానీ సాయంత్రానికల్లా హాస్టళ్ళన్నిటికీ చేరిపోయింది. మర్నాడు బస్సులో శ్రీలేఖకు చప్పట్లు కొట్టారు. జ్ఞానరత్నం గర్వంతో ఉబ్బిపోయింది. మేనల్లుడికి హెచ్చరిక ఇచ్చి వదిలేశారన్న విషయం ఆ చప్పట్లలో ఎవరూ పట్టించుకోలేదు. మేనమామ బయట ఉన్నా, లోపల ఆయన పాతికేళ్ళ స్నేహితులు ఉన్నారు. శ్రీలేఖకు అది కొంచెం గుచ్చుకుంది. కానీ నియమం పాటించారు కదా అనుకుని సరిపెట్టుకుంది.

సెప్టెంబరులో సమూయేలు స్నానానికి లేచి, గడప దగ్గరే కూలబడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దయింది. రైల్వే ఆసుపత్రిలో చేర్చారు. టోని వచ్చి కొన్నాళ్ళు ఉండి, సెలవు అయిపోయి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత తండ్రికి తిండి పెట్టడం, ఒళ్ళు తుడవడం, మంచం మీద అటూ ఇటూ తిప్పడం అంతా జ్ఞానరత్నం మీదే పడింది. ఇంటికి తెచ్చాక పని ఇంకా పెరిగింది. ఉదయం మీనాకుమారి వెళ్ళి కొంతసేపు కూర్చునేది. ఆ కొంతసేపట్లోనే జ్ఞానరత్నం కూరగాయలకీ మందులకీ పరిగెత్తాలి. క్లాసుకు వెళ్ళడం కుదరలేదు. శ్రీలేఖ సాయంత్రాలు వచ్చి ఆ రోజు పాఠం చెప్పేది. జ్ఞానరత్నం తండ్రి కాలికి నూనె రాస్తూ వినేది. పాఠం ఎక్కడా తప్పిపోలేదు. తప్పింది హాజరు ఒక్కటే.

పరీక్ష రాయాలంటే ముప్పాతిక క్లాసులకైనా వచ్చి ఉండాలి. ఒంట్లో బాగోలేకపోతే డాక్టరు కాగితం చూపించి మినహాయింపు తీసుకోవచ్చు. అయితే అది విద్యార్థి ఒంట్లో బాగోలేనప్పుడు. తండ్రికి బాగోలేకపోతే ఏం చెయ్యాలన్నది నియమాల్లో ఎక్కడా లేదు. అలాంటివి కమిటీ తన విచక్షణతో తేల్చాలి. మూడో సెమిస్టర్ పరీక్షకు కూర్చోనివ్వకపోతే జ్ఞానరత్నానికి ఏడాది పోతుంది.

కమిటీ తేదీ తెలియగానే జ్ఞానరత్నం ముఖం తేటపడింది. "నువ్వుంటావు కదా" అంది.

శ్రీలేఖ చేతిలోని పుస్తకం మూసింది.

"నేను లేచి బయటికెళ్ళాలే."

"ఏటి?"

"దగ్గరోళ్ళ కేసు వస్తే కూర్చోకూడదు. మైతీ సారుని నేనే లేపినాను కదా."

"ఆయన సొంత మేనమామ. నువ్వు నాకేటవుతావు? సుట్టానివా, పక్కానివా?"

"చుట్టాలకే అనుకున్నావేటి? దగ్గరోళ్ళు అని ఉంది అందులో."

"ఆ గదిలో కూకున్నోళ్ళలో ఒక్కరికి తెలుసేటి మన సంగతి? నువ్వు నోరెత్తకపోతే సాలు. అబద్ధం సెప్పమనట్నేదు. ఊరుకోమంటన్నాను."

లోపలి మంచం మీద సమూయేలు ఏదో అన్నాడు. ఇద్దరూ ఒకేసారి లేచారు. ఆయనకు దాహం వేసింది. నీళ్ళు తాగించి, మూతి తుడిచి వచ్చాక జ్ఞానరత్నం ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. శ్రీలేఖ వెళ్తానని లేచినప్పుడు మాత్రం, "నాకు ఆళ్ళ ముందు మాట రాదు. నీకు తెలుసు" అంది.

అది నిజమే. క్లాసు క్లాసుకూ తిరిగి ఓట్లు అడిగిన జ్ఞానరత్నం, టేబుల్ వెనక కూర్చున్న పెద్దవాళ్ళ ముందు బిగుసుకుపోయేది. డిగ్రీలో వైవా అప్పుడు తెలిసిన జవాబు చెప్పలేక ఏడ్చింది.

ఇంట్లో తండ్రిని అడిగింది శ్రీలేఖ.

"నువ్వొకడిని లేపినావు. ఇప్పుడు నువ్వు లేవకపోతే రేపు నీ మాట ఎవుడింటాడు?"

"ఆ పిల్ల మనింట్లో పెరిగినాది" అంది మీనాకుమారి వంటగదిలోంచి. "నీ మాట ఎవుడూ ఇనకపోతే ఏటి పోయింది? ఏడాదిలో దిగిపోతావు. ఆ పిల్లకి ఏడాది పోతాది."

"నేను సెప్పేది అది కాదే..." అన్నాడు గణపతిరావు.

"నువ్వు సెప్పేది నాకు అర్థమైనాది. అయినా నాకు నచ్చనేదు."

శ్రీలేఖకు ఇద్దరి మాటా సరైనదేనని తోచింది. అదే ఆమెకు ఊపిరాడనివ్వలేదు. ఒకరిది తప్పయి ఉంటే రెండో వాళ్ళ పక్కకు వెళ్ళిపోయేది.

మర్నాడు డీన్ మేడం దగ్గరికి వెళ్ళింది. పేరు చెప్పకుండా, తనకు తెలిసిన ఒక అమ్మాయి కేసు ఉందని చెప్పబోయింది. డీన్ మేడం అరచెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ఇప్పుడు చెబితే అది ప్రకటించినట్టే అవుతుంది. నేను రాసుకోవాలి. అందుకని నేనేమీ వినలేదు. రేపు ప్రశ్న అడుగుతాను. ఏం చెబుతావో నీ ఇష్టం." ఇంగ్లీషు వదిలి, బెంగాలీలో మెల్లగా అంది: "ఈ పని నిన్ను అడిగి చేయించుకున్నది నేను కాదమ్మా. నిన్ను ఎన్నుకున్నవాళ్ళు."

ఆ రోజు బస్సులో ఒక జూనియర్ అమ్మాయి శ్రీలేఖ పక్కన కూర్చుని, రేపు హాజరు కేసులు ఉన్నాయట కదా, నువ్వున్నావని అందరూ ధైర్యంగా ఉన్నారు దీదీ అంది. శ్రీలేఖ కిటికీ వైపు తిరిగింది.

ఆ రోజు కేసులన్నీ హాజరువే. మొదటి రెండూ త్వరగానే తేలాయి. ఒక అబ్బాయికి కామెర్లు, డాక్టరు కాగితం ఉంది, ఒప్పుకున్నారు. ఇంకొకడు ఏ కారణమూ చెప్పలేకపోయాడు. శ్రీలేఖ అతడి తరఫున కొంత వాదించి, ఆఖరి హెచ్చరికతో రాయనిచ్చేలా చేసింది. తన మాటకు ఆ గదిలో బరువుందని ఆమెకు ఆ క్షణంలో స్పష్టంగా తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

డీన్ మేడం తర్వాతి ఫైలు ముందుకు లాక్కుంది. "జ్ఞానరత్నం, బోటనీ. ఎవరికైనా సంబంధం ఉందా?"

ముగ్గురు ప్రొఫెసర్లూ లేదన్నారు. అధికారి తల అడ్డంగా ఊపాడు. డీన్ మేడం చూపు శ్రీలేఖ మీద ఆగకుండానే దాటిపోయింది. చూడనట్టే ఉంది. ఊరుకుంటే సరిపోతుంది. నాలుక మీద అబద్ధం పడకుండానే పని అయిపోతుంది. ఎదురుగా మైతీ సార్ పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉన్నాడు. ఆయనకు తెలుసో లేదో శ్రీలేఖకు అర్థం కాలేదు. తెలిసినా, తెలియకపోయినా ఆయన ఆగస్టులో లేచిన తీరు ఆమెకు గుర్తొచ్చింది. లేదు అని తనే ఒప్పుకుని, తనే తలుపు తీసుకుని వెళ్ళిన తీరు.

"నాకుంది మేడం" అంది శ్రీలేఖ. "ఆ అమ్మాయి నా స్నేహితురాలు. చిన్నప్పటి నుంచీ."

డీన్ మేడం ముఖంలో చిన్న బాధ కదిలి పోయింది. "సరే. అయితే..."

"వెళ్ళే ముందు ఒక్క మాట చెప్పొచ్చా? వాళ్ళ నాన్నగారి పరిస్థితి నేను రోజూ చూశాను. ఆమెకు మీ ముందు మాట రాదు, తనకు అలవాటు..."

"శ్రీలేఖా." డీన్ మేడం ఆపింది. "మైతీ గారిని మనం చెప్పనివ్వలేదు."

మైతీ సార్ తలెత్తలేదు. శ్రీలేఖ లేచి బయటికి వచ్చింది.

బయట గోడవార బెంచీ ఉంది. కూర్చున్నాక ఆమెకు ఒక విషయం తట్టింది. ఆగస్టులోనే తట్టవలసింది. మైతీ సార్ బయటికి వచ్చినప్పుడు లోపల ఇంకా ఇద్దరు ప్రొఫెసర్లు ఉన్నారు. తను బయటికి వచ్చాక లోపల విద్యార్థి ఒక్కరు కూడా లేరు. నియమం ఇద్దరికీ ఒకటే. గది మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు.

లేచి తలుపు తట్టి ఆ మాట చెప్పాలనుకుంది. చెయ్యెత్తింది కూడా. కానీ తలుపు తట్టి చెబితే అది స్నేహితురాలి కోసం చెప్పినట్టే అవుతుంది కదా! చెయ్యి దించేసింది.

అప్పుడే మెట్లెక్కి జ్ఞానరత్నం వచ్చింది. ఆసుపత్రి కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి గుండెకు ఆనించి పట్టుకుంది. తల దువ్వుకోవడానికి కూడా టైము దొరకనట్టుంది. శ్రీలేఖను చూసి నవ్వింది.

"ఇంకా మొదలవనేదా?"

"మొదలైంది."

"మరి నువ్వేటి ఇక్కడ..." అని, అక్కడే ఆగిపోయింది.

శ్రీలేఖ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. జ్ఞానరత్నం వెనక్కి లాక్కోలేదు, కానీ ఆ చేతిలో పట్టు లేదు. లోపలి నుంచి పేరు పిలిచారు. ఆమె చెప్పులు సర్దుకుని లోపలికి వెళ్ళింది.

లోపల మాటలు వినబడ్డాయి గానీ అర్థం కాలేదు. అధికారి గొంతు, డీన్ గొంతు, మళ్ళీ అధికారి గొంతు. జ్ఞానరత్నం గొంతు ఎక్కడా వినబడలేదు. ఎంతసేపు చెవులు రిక్కించినా వినబడలేదు. తలుపు తెరుచుకున్నప్పుడు ఆమె బయటికి వచ్చి, కవరు అలాగే గుండెకు ఆనించి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. శ్రీలేఖ వెనక వెళ్ళలేకపోయింది. తర్వాతి కేసుకు ఆమెను లోపలికి పిలిచారు.

నిర్ణయం ఆ సాయంత్రమే తెలిసింది. తండ్రి అనారోగ్యం మినహాయింపు కిందికి రాదు. పరీక్షకు అనుమతి లేదు. ఆ నిర్ణయాన్ని విద్యార్థులకు చేరవేయాల్సింది ప్రతినిధి. శ్రీలేఖ నోటీసు బోర్డు దగ్గర నిలబడి, తన నోటితోనే మిగిలిన పేర్లతో పాటు ఆ పేరు కూడా చెప్పింది.

ఆగస్టులో చప్పట్లు కొట్టినవాళ్ళే ఇప్పుడు ఆమెను చూసి ముఖం తిప్పుకున్నారు. కారణం లేనివాడిని గట్టెక్కించి, కారణం ఉన్నదాన్ని ముంచింది అన్నారు. మంచిపేరు కోసం స్నేహితురాలిని బలిపెట్టింది అన్నారు. ఎవరో క్యాంటీన్ గోడ మీద "బయటి ప్రతినిధి" అని రాశారు. నియమం గురించి చెప్పబోతే ఒక కుర్రాడు ఆమె మాట మధ్యలోనే అందుకున్నాడు. "నియమాలు చదవడానికి వాళ్ళకు గుమాస్తాలు ఉన్నారు దీదీ. మాట్లాడడానికి కదా నిన్ను పంపింది?"



రాజీనామా చేస్తానని డీన్ మేడం దగ్గరికి వెళ్ళింది. డీన్ మేడం విని, కుర్చీ చూపించింది. "మధ్యలో ప్రతినిధి తప్పుకుంటే మళ్ళీ ఎన్నిక పెట్టే ఏర్పాటు మన దగ్గర లేదు. ఆ కుర్చీ ఏడాది చివరిదాకా ఖాళీగా ఉంటుంది. ఇంకా చాలా కేసులు ఉన్నాయి. వెళ్ళాలనుకుంటే వెళ్ళు, ఆపే హక్కు నాకు లేదు."

ఆ కుర్చీ ఖాళీగా ఉంటే గది ఎలా ఉంటుందో శ్రీలేఖ బెంచీ మీద కూర్చుని విన్నది. రాజీనామా చెయ్యలేదు. తాము నమ్మలేని ప్రతినిధి అని విద్యార్థులు అనుకుంటూనే ఉన్నారు. ఆమె మాత్రం తనను నమ్మనివాళ్ళ తరఫున ప్రతి సమావేశానికీ వెళ్ళి కూర్చుంది. పప్పు గురించి, ఫ్యానుల గురించి మునుపటిలాగే అడిగింది. బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగానే ఉండేది. ఒకప్పుడు తనను ప్రశాంతంగా కూర్చోనివ్వు దేవుడా అనుకున్న సీటు అది.

ఒక సాయంత్రం బస్టాపులో మైతీ సార్ ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. రోడ్డు వైపే చూస్తూ అన్నాడు.

"ఆ రోజు నిన్ను మాట్లాడనివ్వమని అందామనుకున్నాను. అంటే నిన్ను వెక్కిరించినట్టు ఉంటుందేమోనని ఊరుకున్నాను. అది సరైందో కాదో నాకూ తెలియదు."

"మీరు లోపల ఏమన్నారు సార్?" అన్న ప్రశ్న ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అడగకూడదు. ఆయన చెప్పకూడదు. బస్సు వచ్చింది.

చలికాలమంతా శ్రీలేఖ ఇంటికి జ్ఞానరత్నం రాలేదు. మీనాకుమారి మాత్రం ఝపటాపూర్ వెళ్ళడం మానలేదు. వెళ్ళి వచ్చి, సమూయేలు వేళ్ళు కదుపుతున్నాడనో, కర్రతో నాలుగడుగులు వేశాడనో చెప్పేది. జ్ఞానరత్నం గురించి ఏమీ చెప్పేది కాదు. శ్రీలేఖ అడిగేది కాదు.

ఆ నెలల్లో శ్రీలేఖ రెండు ప్రతిపాదనలు తయారు చేసి ప్రతి సమావేశంలోనూ పెట్టింది. కమిటీలో ఇద్దరు విద్యార్థులు ఉండాలి, ఒకరు లేస్తే ఒకరైనా మిగిలేలా. తల్లిదండ్రులకు సేవ చెయ్యాల్సి వచ్చినా మినహాయింపు ఇవ్వాలి. మొదటిసారి నవ్వి పక్కన పెట్టారు. రెండోసారి తర్వాత చూద్దామన్నారు. మూడోసారి అధికారి విసుక్కున్నాడు. ఆఖరి సమావేశంలో రెండిటినీ ఒప్పుకున్నారు. రెండో ప్రతిపాదనను బలపరిచింది మైతీ సార్. కొత్త విద్యాసంవత్సరం నుంచి అమలు అన్నారు. జరిగిపోయిన కేసులు మళ్ళీ తెరవరు.

ఆ మాట చెప్పడానికి శ్రీలేఖ ఝపటాపూర్ వెళ్ళింది. జ్ఞానరత్నం వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. సమూయేలు కుర్చీలో ఎండకు కూర్చుని ఉన్నాడు. శ్రీలేఖను చూసి ఎడమ చెయ్యెత్తి, "రా... రామ్మా" అన్నాడు ముద్ద మాటతో.

"బాగున్నారా మావయ్యా?" అని ఆయన పక్కన కూర్చుని, జ్ఞానరత్నానికి వినిపించేలా సంగతి చెప్పింది.

జ్ఞానరత్నం చీర అంచు సాగదీసి క్లిప్పు పెట్టింది. "నాకు వర్తిస్తాదా?"

"వర్తించదు."

"అనుకున్నాను." ఇంకో బట్ట విదిలించింది. "ఒక మాట సెప్తాను, ఇంటావా? నువ్వు తప్పు సేసినావని నేను ఎవుళ్ళతోనూ అననేదు. ఇప్పుడూ అనను. గానీ ఆ తలుపు తీసి లోపలికెల్తే, ఆరుగురు సూడాల్సిన సోట అయిదుగురే సూసినారు. నీ కుర్చీ ఖాళీగా ఉన్నాది. నేను ఆ కుర్చీనే సూస్తా నిలబడిపోయినాను. నోరు రానేదు."

శ్రీలేఖ ఏడ్చింది. జ్ఞానరత్నం దగ్గరికి రాలేదు. బట్టలన్నీ ఆరేయడం అయ్యాక లోపలికి వెళ్ళి, ముగ్గురికీ టీ పెట్టి తెచ్చింది. తండ్రికి సాసర్లో పోసి తనే తాగించింది.

ఇప్పుడు జ్ఞానరత్నం ఆ ఏడాదిని మళ్ళీ చదువుతోంది, తనకంటే చిన్నవాళ్ళ మధ్య. శ్రీలేఖ ఎమ్మెస్సీ పూర్తి చేసి, ఊళ్ళోనే ఒక స్కూల్లో సైన్సు చెబుతోంది. ఆదివారాలు అప్పుడప్పుడు కలుస్తారు. సమూయేలు ఆరోగ్యం గురించి, పాఠాల గురించి మాట్లాడుకుంటారు. ఆ రోజు గురించి మాట్లాడుకోరు. మీనాకుమారి మళ్ళీ ఒక గుప్పెడు బియ్యం ఎక్కువ పోయడం మొదలుపెట్టింది. కొన్ని ఆదివారాలు ఆ అన్నం మిగిలిపోతుంది.

మొన్న కొత్తగా ఎన్నికైన ప్రతినిధులతో మాట్లాడమని డీన్ మేడం శ్రీలేఖను పిలిచింది. వెళ్ళింది. బాధ్యతల గురించి తనకు తెలిసినంత చెప్పింది. వినడం మరిచిపోవద్దని, కాని పనులు ఎందుకు కాలేదో వెళ్ళి చెప్పమని చెప్పింది. కమిటీలో ఇప్పుడు ఇద్దరు ఉంటారని, అందుకని లేవాల్సి వస్తే నిశ్చింతగా లేవవచ్చని చెప్పింది.

ముందు వరుసలో కూర్చున్న ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"మీరప్పుడు ఒక్కరే కదా దీదీ. ఆ రోజుకు మళ్ళీ వెళ్తే ఏం చేస్తారు?"

"లేస్తాను" అంది శ్రీలేఖ.

ఆ అమ్మాయి కొంచెం ఆలోచించింది. "మరి ఆ లోపల ఉన్న అమ్మాయి?"

డీన్ మేడం కిటికీలోంచి బయటికి చూస్తోంది. కొత్త ప్రతినిధులందరూ పెన్నులు పట్టుకుని, జవాబు కోసం శ్రీలేఖ ముఖం వైపే చూస్తున్నారు. శ్రీలేఖ ఆ అమ్మాయి వైపు తిరిగింది. "నాకు తెలియదమ్మా" అంది. "తెలిస్తే మీరే నాకు చెప్పండి."